దొర బొమ్మకు అవ్వ కట్టిన చీర

మా గద్వాల ఇంటి దేవుడి గూట్లో ఏళ్లుగా హారతి అందుకుంటున్న అమ్మవారిని నేను చిన్నప్పటి తరువాత మళ్లీ పోయిన ఏడే బట్టల్లేకుండా చూశాను. చూసింది ఒక ఫంక్షన్ హాల్లో, ఊరి పెద్దమనుషుల మధ్య నిలబడి, రిబ్బన్ కత్తిరించిన కత్తెర ఇంకా చేతిలో ఉండగానే. హైదరాబాదు గ్యాలరీ వాళ్లు ఒక యూరప్ చిత్రకారుడి ముద్రణ చిత్రాలను జిల్లాల్లో తిప్పుతున్నారు. ముందు గద్వాల, తరువాత వనపర్తి, చివర నాగర్‌కర్నూల్. రాగి రేకు మీద గీతలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద ఒత్తి తీసిన బొమ్మలవి. ఆ చిత్రకారుడి పేరు నేను వేదిక మీద రెండు రకాలుగా పలికాను. రెండూ తప్పేనని తరువాత చెప్పారు, కాబట్టి ఇక్కడ రాసి మూడో తప్పు చేయను. మా అవ్వ ఆయన్ని దొర అనేది. నేనూ అదే అంటాను.

రిబ్బన్ కత్తిరించాల్సిన అధికారి మీటింగులో ఇరుక్కుపోతే, ఊరి ఆడబిడ్డ, పైగా పుస్తకాలు రాస్తుంది, ఊరికే వస్తుంది అని నన్ను పిలిచారు. హాల్లో ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే సింహాసనాల్లో ఒకటి నాకు ఇచ్చారు, రెండోది ఖాళీగా ఉంచారు. బగారన్నం వాసన గోడలకు పట్టుకుని ఉంది. ఎగ్జిబిషన్ అంటే చీరలుంటాయని వచ్చిన ఆడవాళ్లు, చీరలు లేవు సరికదా బొమ్మల ఒంటి మీద కూడా లేవని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అయినా ఒక్కటి కూడా వదలకుండా అన్నీ చూస్తున్నారు. మగవాళ్లు మాత్రం ఫ్రేములు బాగున్నాయని ఫ్రేముల గురించే మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు కనిపించింది. వీపు మనవైపు సగం తిప్పి, ఒక మోకాలు మడిచి, ఒళ్లో గిన్నె లాంటిదేదో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి. పట్టుమని పది గీతలు కూడా లేవు. ఆ మెడ వంపు, గిన్నె అంచు మీద ఆ బొటనవేలు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు పండుగలకు ఆ వేలి మీద పసుపు పెట్టే పని నాదే. పక్కనే ఉన్న నందితతో, అంటే గ్యాలరీ తరఫున ఈ బొమ్మల వెంట తిరుగుతున్న అమ్మాయితో, ఈమె మా ఇంట్లో ఉందమ్మా అన్నాను. పోస్టరా మేడమ్ అని మర్యాదగా నవ్వింది. పోస్టరు కాదు, దొర తన చేత్తో మా డ్రాయింగ్ సారుకు ఇచ్చినదే, కాకపోతే మా ఇంట్లో ఉన్నామె చీర కట్టుకుని ఉంటుంది అన్నాను. నందిత నవ్వు ఆగిపోయింది.

ఒక్కో రేకు మీద దొర కొన్ని కాగితాలు మాత్రమే ఒత్తాడట, ప్రతిదానికీ అడుగున పెన్సిలుతో వరస నంబరు వేశాడట, వాటిలో కొన్ని ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదట. ఒకే పడుగు మీద దిగిన చీరలు తలా ఒక ఊరికి పోయినట్టన్నమాట. మా అమ్మవారు వాటిలో ఒకటైతే, హైదరాబాదు నుంచి నిపుణుణ్ని రప్పించి, పైన అతికించిన గుడ్డ ఊడదీయించి, చివరి మజిలీ నాగర్‌కర్నూల్‌లో అక్కచెల్లెళ్ల పక్కన నిలబెట్టాలని నందిత అప్పటికప్పుడు అనేసుకుంది. నాగర్‌కర్నూల్‌లో ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ డ్రాయింగ్ సారే. బదిలీ మీద వెళ్లి అక్కడే స్థిరపడిపోయిన ముసలాయన. నాకూ ఆశ పుట్టింది. మా ఇంట్లో ఆయన బొమ్మకు జరిగిన అన్యాయం చిన్నప్పటి నుంచీ నా మనసులో ముల్లులాగా ఉండిపోయింది. ఇప్పుడది సరిదిద్దే అవకాశం వచ్చింది. తేలాల్సింది ఒక్కటే, అవ్వ కట్టిన చీర విప్పాలా, వద్దా.

అవ్వంటే మా నాయన తల్లి. పుట్టిల్లు రాయచూరు దిక్కు, కోపం వచ్చినా జాలి కలిగినా కన్నడంలోకి జారిపోయేది. మా ఇల్లు గద్వాలలో నేతగాళ్ల గల్లీలో ఉండేది. పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది గంజి వాసన. పడుగును గల్లీ పొడవునా చాచి కట్టి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతుంటే, బడికి పోయే పిల్లలం దాని కింద నుంచి వంగి దూరి పోవాలి. తల తగిలిందా, ఎవరి పడుగైతే వాళ్లకు మమ్మల్ని కొట్టే హక్కు ఉండేది. ముందుగదిని ఆనుకుని మగ్గం గుంట. అందులో కాళ్లు పెట్టుకుని నాయన నేసేవాడు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికే పని మా ఊరి ప్రత్యేకం అని ఇప్పుడు అందరూ రాస్తున్నారు. అప్పుడు అది మాకు నడుంనొప్పి మాత్రమే. ఆడవాళ్లు, పిల్లలు రాట్నం మీద నూలు కండెలు చుట్టాలి. జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటూ కూడా చుట్టాను. నా మొదటి కథ రాసేనాటికి నా కుడిచేతికి కలం కన్నా రాట్నం పిడే బాగా అలవాటు.

అవ్వకు ఒక పిచ్చి ఉండేది. ఇంట్లో ఏ పటం వేలాడినా దానికి నిజం చీర కట్టాల్సిందే. మగ్గం మీద చీర దించాక మిగిలే జానెడు ముక్కలు, తెగిన జరీ పోగులు అన్నీ ఒక రేకు డబ్బాలో దాచేది. మైదాపిండిలో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపి గుజ్జు ఉడికించేది. ఆ నీలపు గిన్నె ముట్టుకుంటే వేళ్లు విరగ్గొడతానని మాకు హెచ్చరిక. పటాన్ని ఫ్రేములోంచి తీసి, కుచ్చిళ్లతో సహా చీర అతికించి, చెమ్కీలతో ముక్కుపుడక పెట్టి, మళ్లీ అద్దం బిగించేది. లక్ష్మికి ప్రతి దసరాకు కొత్త చీర. సరస్వతికి మాత్రం ఎన్నడూ పట్టు దక్కలేదు. చదువుకున్నామెకు నూలు చాలునని అవ్వ లెక్క. శివుడి పులితోలుకు కూడా చుట్టూ ఒక జరీ పోగు తిప్పింది. ఒకసారి ఎరువుల దుకాణం క్యాలెండర్ మీద నవ్వుతున్న రైతు భార్యకు అంచు పెట్టి, ఆ రైతును మాత్రం అలాగే వదిలేసింది. గల్లీలోని ఆడవాళ్లు కూడా తమ పటాలు తెచ్చి కట్టించుకునేవాళ్లు. ఎందుకవ్వా ఈ తిప్పలు, వాళ్లకు బొమ్మలో చీర ఉంది కదా అని అడిగితే, "నేతోళ్ల ఇంట్ల ఏలాడుకుంట, రంగు పూసిన చీర కట్టుకుంటరా? సిగ్గు మనకు బిడ్డా, వాళ్లకు గాదు" అనేది.

రంగు సంగతి ఇక్కడే చెప్పాలి. మా గల్లీలో ఒకరినొకరు దొంగ అన్నా పడేవాళ్లు, తాగుబోతు అన్నా పడేవాళ్లు. నీ చీర రంగు దిగింది అంటే మాత్రం పడేవాళ్లు కాదు. తడిపితే రంగు వదిలే చీర నేసినవాడికి ఇక గల్లీలో తలెత్తుకునే వీల్లేదు. మా తాత నేసిన పెళ్లిచీర ఒకటి అలా తిరిగొచ్చిందట. ఎర్రంచు కారి తెల్ల నూలంతా పాడైంది. తప్పు రంగు వేసినవాడిది, మాట పడింది తాత. ఆ చీర తిరిగొచ్చాక ఆయన గల్లీలోకి రావడం మానేసి, మగ్గం గుంటలోనే కూర్చుండిపోయాడని, చివరికి పోయింది కూడా ఆ దిగులుతోనేనని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. అవ్వ మాత్రం ఆ సంగతి ఎత్తేది కాదు.

డ్రాయింగ్ సార్ కల్వకుర్తి దిక్కు నుంచి వచ్చి మా పక్కగదిలో అద్దెకు దిగారు. సన్నగా, పెద్ద కళ్లతో, భుజానికి సంచితో ఉండేవారు. బడిలో లెక్కల సారుకు దండం పెడతారు, డ్రాయింగ్ సారుకు పని చెబుతారు. గోడల మీద సూక్తులు రాయడం, బెంచీల మీద నంబర్లు వేయడం, హెడ్మాస్టరు ఇంట్లో పెళ్లయితే స్వాగతం బోర్డు రాయడం, ఇవన్నీ ఆయన నెత్తినే. మామిడికాయ, కుండ, జెండా తప్ప మాకు ఇంకేమీ నేర్పొద్దని కూడా చెప్పారట. ఉపాధ్యాయుల గదిలో ఆయనకు కుర్చీ లేదు, కిటికీ గట్టు ఉండేది. హైదరాబాదులో చదువుకున్న రోజుల్లో దొర తన బొమ్మలతో ఆ ఊరు వచ్చాడని, తన పని మెచ్చుకుని స్వయంగా ఒక అచ్చుబొమ్మ చేతిలో పెట్టాడని సార్ ఒకరోజు అన్నారు. దాన్ని గదిలో గోడకు తగిలించారు. హెడ్మాస్టరు వచ్చి చూశాడు. లెక్కల సార్ రెండుసార్లు వచ్చి చూశాడు. ఆ వారమే సారుకు కుర్చీ వచ్చింది. చాయ్ కూడా సాసరుతో సహా వచ్చేదని మా నాయన గొప్పగా చెప్పేవాడు, ఆ సాసరు మా ఇంటికే వచ్చినట్టు.

బొమ్మ మీద ఎప్పుడూ ఒక తువ్వాల కప్పి ఉండేది. మగవాళ్లు వస్తే తీసేవారు, ఆడవాళ్లు, పిల్లలు అటువైపు రాకూడదు. అందుకే నేను తలుపు సందులోంచి చూడాల్సి వచ్చింది. అవ్వ మాత్రం చూడలేదు. దసరా సెలవులకు సార్ ఊరికి పోతూ, ఊడ్చి దీపం పెట్టమని తాళంచెవి అవ్వకు ఇచ్చారు. పండుగ ముందురోజు దుమ్ము దులుపుతూ అవ్వ తువ్వాల తీసింది. నేను చీపురు పట్టుకుని వెనకే ఉన్నాను. కేకలేస్తుందనుకున్నాను. మంచం మీద కూలబడి చాలాసేపు చూసింది. "ఎవల బిడ్డనో ఏమో, పండుగ పూట ఒంటి మీద పోగు లేకుంట కూసున్నది. సారుకు తువ్వాల కప్పుడు తప్ప ఏం తెల్వదు" అంది. ఆ గొంతులో ఉన్నది జాలే. ఆ మధ్యాహ్నమే నీలం గుజ్జు ఉడికింది.

తెల్ల నూలు చీర, సన్నటి ఎర్ర పట్టంచు ఏరింది. పెళ్లయిందో లేదో తెలియని పిల్ల కాబట్టి పుస్తె పెట్టలేదు, గాజులు పెట్టింది. కుచ్చిళ్లు నేను పట్టుకున్నాను. నడుము దగ్గర గుజ్జు రాస్తూ రాస్తూ అవ్వ ఉన్నట్టుండి ఆగింది. తన వేళ్లు చూసుకుంది. నల్లగా ఉన్నాయి. ఇన్నేళ్లలో లక్ష్మికి కట్టినప్పుడు గానీ, శివుడికి కట్టినప్పుడు గానీ అలా కాలేదు. ఏందవ్వా అని అడిగితే దీపం మసి అంది. గదిలో దీపమే ఇంకా వెలిగించలేదు కదా అన్నాను. చింతపండు తెమ్మని నన్ను వంటింట్లోకి తరిమింది. వచ్చేసరికి చీర అతికించేసి, తడి గుడ్డతో చేతులు గట్టిగా రుద్దుకుంటోంది. మరునాటికి ఆ తెల్ల చీర నడుము దగ్గర రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ తేలింది. అవ్వా మచ్చ అని చూపించబోతే, కండెలు చుట్టుపో అంది.

సార్ సెలవులయ్యాక వచ్చారు. మెచ్చుకోవడం విందామని నేను గడప దగ్గరే నిలబడ్డాను. తువ్వాల తీసి మంచం మీద కూర్చుండిపోయారు. ఆ పూట అవ్వ పంపిన రొట్టె ముట్టలేదు. మరుసటి పూటా ముట్టలేదు. ఆ ఇంట్లో అవ్వ మీద ఎవరైనా గొంతెత్తడం నేను అప్పుడే చూశాను. "సారు బతుకుల మన్ను పోసినవ్ గదనే అమ్మా" అని నాయన మగ్గం గుంటలోంచే అరిచాడు. గల్లీ రెండుగా చీలింది. పరాయి మనిషి వస్తువు ముట్టడం తప్పని కొందరు, అటువంటి వస్తువు పెట్టుకోవడమే తప్పని కొందరు. నేను ఒక్కదాన్నే అసలు కారణం కనిపెట్టాననుకున్నాను. సరస్వతికి జరిగిన అన్యాయమే ఈమెకూ జరిగింది. దొర పిల్లకు నూలు చీర కట్టారని సారుకు కోపం వచ్చింది.

నా తెలివికి తగ్గట్టే మరునాడు అవ్వ తన పెట్టె తెరిచింది. తను దాచుకున్న పట్టుముక్క ఒకటి తీసింది. ముదురు నేరేడుపండు రంగు, బెత్తెడు జరీ అంచు. అది ఎవరి కోసం దాచిందో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సార్ గదిలోకి పోయి, ఆయన ఎదురుగానే ఫ్రేము విప్పి, పాత చీర మీదనే ఈ పట్టుచీర అతికించింది. మచ్చ కనిపించకుండా పోయింది. సార్ ఆమె చేతుల వంకే చూస్తున్నారు. అవ్వ తలెత్తకుండా, "కట్టిన చీర మందిల విప్పరు సారూ. నేను విప్ప, ఎవలను విప్పనియ్య. లేచి జర అన్నం తినుండ్రి" అంది. సార్ లేచి మా వంటింటి ముందు పీట మీద కూర్చుని తిన్నారు. తింటూ ఏడ్చారు. పట్టంటే ఎవరికైనా అంతేనని నేను తీర్మానించుకున్నాను.

కొన్నాళ్లకు సారుకు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. పోతూ ఆ బొమ్మను అవ్వ దగ్గరే ఉండనీయమన్నారు. అవ్వ దాన్ని తెచ్చి దేవుడి గూట్లో, లక్ష్మికీ శివుడికీ మధ్య పెట్టింది. ఇక్కడైతే ఎవలు ముట్టరు అంది. దేవుడి గూట్లో ఉన్నాక పసుపు పడుతుంది, కుంకుమ పడుతుంది, హారతి ఎటూ తప్పదు. అవ్వ పోయింది, నాయన పోయాడు, గూడు మారి గ్రానైటు వచ్చింది. మా తమ్ముడి భార్య కాపురానికి వచ్చేటప్పటికే ఆమె మా ఇంటి అమ్మవారు. ఏ అమ్మవారని ఎవరూ అడగలేదు. పరీక్షల ముందు పిల్లలు ఆమెకు మొక్కుకునేవాళ్లు, పాసయ్యేవాళ్లు కూడా. మా మేనల్లుడు ఇంజనీరింగు అన్ని పేపర్లూ గట్టెక్కింది ఆ తల్లి దయ వల్లే.

అటువంటి ఇంటికి నందిత, నిపుణుడు, ఒక భూతద్దం, ఒక పట్టుకారు వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. నిపుణుడు టార్చి వేసి చూసి, రెండు పొరలున్నాయి, మైదా గుజ్జే, ఆవిరి పెడితే నెమ్మదిగా ఊడొస్తుంది అన్నాడు. మా మరదలు గూటికి అడ్డంగా నిలబడి, "వదినే, అమ్మవారి చీర మగాయన విప్పుడేంది? మీ సదువులు మీ ఇంట్ల పెట్టుకోండి" అంది. ఆమెకు అసలు సంగతి చెప్పాను. ఆమె కాసేపు బొమ్మ వంక, కాసేపు నా వంక చూసి, ఇన్నేళ్లు నాతో ఎవరికి హారతి ఇప్పించారని అడిగింది. చివరికి నేనే అన్నాను, బొమ్మ సారుది, ఆయన్ని అడిగే చేద్దామని. ఆయన సంతోషిస్తారనే నా ధీమా. ఆ మాట నా నోటితోనే చెప్పాలని, పటాన్ని పాత దుప్పటిలో చుట్టి కారులో పెట్టుకుని మరునాడే బయలుదేరాను.

వనపర్తి దాటి గోపాల్‌పేటలో చాయ్‌కి ఆగినప్పుడు, దుప్పటి కప్పుకుని వెనక సీట్లో కూర్చున్న ఆమెను చూసి నవ్వొచ్చింది. మళ్లీ తువ్వాల బతుకే వచ్చింది ఆమెకు. నాగర్‌కర్నూల్‌లో సార్ ఇల్లు ఎవరినడిగినా చెబుతారు. దొర బొమ్మ ఇచ్చిన సార్ ఇల్లు అంటే ఇంకా తొందరగా చెబుతారు. గోడ నిండా సన్మాన పత్రాలు. ప్రతిదాంట్లో మొదటి వాక్యం అదే, ప్రపంచ ప్రఖ్యాత చిత్రకారుని స్వహస్తాల నుండి. సార్ బాగా వంగిపోయారు, కళ్లు మాత్రం అలాగే పెద్దగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి, కండెలు చుట్టే పద్మ కదా అన్నారు. నేను శుభవార్తలాగా మొత్తం చెప్పాను. నిపుణుడు వచ్చాడని, ఊడొస్తుందని, ఆయన బొమ్మ ఆయనకు తిరిగొస్తుందని. ఆయన చాయ్ కప్పు సాసరుతో సహా కింద పెట్టేశారు. కోడలిని ఏదో పని మీద బయటికి పంపి, తలుపు దగ్గరికి వేయమన్నారు.

"దొర నాకేం ఇయ్యలే బిడ్డా" అన్నారు.

దొర హైదరాబాదు వచ్చిన మాట నిజం. సార్ రోజూ పోయి ఆ బొమ్మ ముందు నిలబడిన మాట కూడా నిజం. దొర ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గద్వాల వచ్చాక, కిటికీ గట్టు మీద కూర్చుని కూర్చుని, ఒకరాత్రి మంచి కాగితం కొనుక్కుని, బడిలో పిల్లల కోసం కలిపే సిరా బిళ్ల నీళ్లలో కరిగించి, తలలో ఉన్న ఆ బొమ్మను తనే గీసుకున్నారు. అడుగున పెన్సిలుతో నంబరు కూడా వేసుకున్నారు. అడిగినవాళ్లకు దొర ఇచ్చాడని నోరు జారారు. కుర్చీ వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. అచ్చు సిరా తడికి కదలదు. బడి సిరా కదులుతుంది. "మీ అవ్వకు తెలిసిపోయింది. నూలు చీరకు మచ్చ దిగింది గదా. నేను వచ్చి చూసిన పొద్దే నా పని అయిపోయిందనుకున్న. గల్లీల చెప్తది, బడిల తెలుస్తది అని రెండు పూటలు మన్ను దిన్నట్టు పడుకున్న. ఆమె పట్టుముక్క తెచ్చి కప్పింది. ఒక్కలకు చెప్పలే. ఇప్పుడు మీరు విప్పుతే నాకు ఈ ఊర్లె తలకాయ ఎక్కడ పెట్టుకోవాలె బిడ్డా?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఇంజనీరింగు పాస్ చేయించిన తల్లి దొర పిల్ల కూడా కాదు, మన గద్వాల బడి సిరా. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. కండెలు చుట్టుపో అన్న గొంతు, తడి గుడ్డతో రుద్దుకున్న వేళ్లు, కొడుకు అరిచినా నోరు విప్పకుండా తలవంచుకుని మాటపడ్డ మనిషి, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి. ఇన్నేళ్లూ నేను ఆ పిల్ల మానం కోసం కట్టిన చీర అనుకున్నాను. మొదటి చీర అందుకే. రెండోది సార్ కోసం.

అప్పటివాళ్లు గొప్పవాళ్లు, కడుపులో మాట దాచుకునేవాళ్లు అని రాయడానికి చేయి రావడం లేదు. మా అవ్వ కడుపులో మాట పొద్దు గూకేదాకా ఆగేది కాదు. పక్కింటి కోడలు ఎన్ని గుడ్లు వండుకుందో గల్లీ మొత్తానికి చెప్పిన మనిషి. ఈ ఒక్కటి ఎందుకు దాచిందంటే, రంగు దిగడం ఒక మనిషిని ఏం చేస్తుందో తన ఇంట్లోనే చూసింది కాబట్టి. తాతకు ఎవరూ కప్పని ముక్క సారుకు కప్పింది. ఇప్పుడు మనకు అన్నీ విప్పి చూసే యంత్రాలొచ్చాయి, టార్చీలొచ్చాయి, నిజం బయటపెట్టామని చెప్పుకోవడానికి ఫోన్లున్నాయి. నేను కూడా ఆ జట్టులో దాన్నే. నిజం రాసి బతుకుతున్నానని సభల్లో చెప్పుకుంటాను. ఆ రోజు మాత్రం కారు పక్కన నిలబడి నందితకు ఫోన్ చేసి, సార్ ఒప్పుకోలేదమ్మా అన్నాను.

నందిత చాలాసేపు వాదించింది. లోపల ఉన్నది అంత ముఖ్యమైనది అయినప్పుడు దాన్ని దాచే హక్కు మనకు లేదంది. ఆ పిల్ల చెప్పింది తప్పేమీ కాదు. "కట్టిన చీర మందిలో విప్పరమ్మా, మా గద్వాలలో అలవాటు లేదు" అన్నాను. కావాలంటే చీరతోనే గోడకెక్కించు, కానీ కింద దొర పేరు రాయొద్దు, చీర కట్టినామె పేరు రాయి అన్నాను. మరి బొమ్మ ఎవరిదని రాయను మేడమ్ అంది. కనిపించేది రాయి, కనిపించేది చీర అన్నాను. తరువాత నిట్టూర్చి, అవ్వ పేరేమిటని అడిగింది. నర్సమ్మ. ఆ పేరు అచ్చులో పడడం అదే మొదటిసారి. లోపలికి వెళ్లి సారుకు చెబితే, ఇదంతా ఎప్పుడైనా రాస్తావా అని అడిగారు. రాయకుండా ఉండలేనన్నాను. "నేను పోయినంక రాయి. అప్పుడైతే నవ్వుకుంటరు, ఇప్పుడైతే నవ్వుతరు" అన్నారు. ఆయన ఈ ఎండాకాలం పోయారు.

నాగర్‌కర్నూల్ హాల్లో, ఒంటి మీద పోగు లేని దొర పిల్లల వరసలో, మా అమ్మవారు ఒక్కతే నేరేడు పట్టుచీర కట్టుకుని కూర్చుంది. వచ్చిన ఆడవాళ్లంతా ఆమె దగ్గరే గుమిగూడి అంచు నాణ్యం చూస్తున్నారు. సారుకు శాలువా కప్పారు, ఉపన్యాసాలిచ్చారు, స్వహస్తాలు అనే మాట ఎంతమంది వాడారో లెక్కపెట్టడం మానేశాను. అంతా అయ్యాక సార్ కర్ర పట్టుకుని నా భుజం ఆసరాతో పటం దగ్గరికి నడిచారు. కళ్లజోడు సర్దుకుని, ఆ నడుము వైపే చూస్తూ, నాకొక్కదానికే వినిపించేలా, "ఎక్కడన్న దిగిందా బిడ్డా" అని అడిగారు. నేను వంగి దగ్గరగా చూశాను. కుచ్చిళ్లు చెదరలేదు. పట్టు ఏ మచ్చా లేకుండా ఉంది. ఎక్కడా దిగలేదు సార్ అన్నాను.

సార్ కర్ర నా చేతికిచ్చి, రెండు చేతులూ ఎత్తి పటానికి దండం పెట్టారు. గురువు గీసిన బొమ్మకు శిష్యుడు మొక్కుతున్నాడని హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను కర్ర చంకలో పెట్టుకుని, అవ్వ తరఫున నిలబడ్డాను.